కార్తెకొక ఫోటో

ఫోటో అనగానే మనవాళ్ళకు రెండే గుర్తుకొస్తాయి. ఒకటి పెళ్ళి, రెండోది అప్లికేషనుకు అంటించే పాస్‌పోర్టు సైజు. మా ఇంట్లో మూడోది ఒకటుంది. అది గోడమీద దండ వేసిన మా తాత ఫోటో. ఆయన పోవడానికి ఏడాది ముందు పింఛను కాగితాలకోసం నెల్లూరు స్టూడియోలో తీయించింది. ఇస్త్రీ చొక్కా, వెనక నీలం గుడ్డ, భయపడ్డట్టు చూసే కళ్ళు. అరవై ఏళ్ళు కయ్యల్లో తిరిగిన మనిషికి కయ్యలో నిలబడ్డ ఫోటో ఒక్కటీ లేదు. "మీ తాత ఇట్టా ఉండడురా, ఎవురో ఆఫీసరు మాదిరుండాడు" అంటుంది మా జేజి ఇప్పటికీ.

నేను ఫోటోలు తీయడం మొదలుపెట్టింది ఆ మాటవల్లే. నేను కళాకారుణ్ణి కాను, బి.యస్సీ. చదివే రైతుబిడ్డను. అందుకని ఈ వ్యాసంలో కళ గురించి తక్కువ, పద్ధతి గురించి ఎక్కువ ఉంటుంది. చేతిలో మామూలు ఫోనున్న ఏ విద్యార్థి అయినా పైసా ఖర్చులేకుండా తన ఊరి ఏడాదిని ఎలా పట్టి ఉంచవచ్చో చెప్పడమే నా ఉద్దేశం. దానివల్ల మా ఇంట్లో ఏం జరిగిందో కూడా చివర్లో చెబుతాను.

కార్తె లెక్క ఎందుకు?

మాది కొడవలూరు. నెల్లూరుకు ఉత్తరాన, పెన్నా డెల్టాలో ఉన్న ఊరు. రైలుస్టేషను ఉంది, చుట్టూ వరి. 2023 ఏప్రిల్‌లో ఇంటర్ పరీక్షలైపోయి ఖాళీగా ఉన్నప్పుడు, ఏడాదంతా మా కయ్యను ఫోటోలు తీయాలనిపించింది. ఎన్నాళ్ళకొకటి తీయాలి? రోజూ అంటే వారానికే విసుగొస్తుంది. రుతువుకొకటి అంటే ఆరే వస్తాయి. పైగా పుస్తకంలోని ఆరు రుతువులు మన జిల్లాకు సరిగ్గా అతకవు. శ్రావణ భాద్రపదాలు వర్షరుతువని చదువుకుంటాం కాని, మనకు వానలో పెద్దభాగం అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలతో వస్తుంది. మా పెద్ద పంట నాట్లు పడేది చలికాలం మొదట్లో, కోత మార్చి ఏప్రిల్‌లలో.

ఈ సందేహం జేజితో అంటే ఆమె నవ్వి, "కార్తెకొకటి తియ్యి. మేం దుక్కి, నారు, నాటు అన్నీ ఆ లెక్కనే చేసినాం గదా" అన్నది.

ఆలోచిస్తే ఇది గట్టి లెక్కే. సూర్యుడు ఏడాదిలో 27 నక్షత్రాల మీదుగా నడుస్తాడని పంచాంగం చెబుతుంది. ఒక్కో నక్షత్రంలో ఉండే కాలం ఒక కార్తె. 365ని 27తో భాగిస్తే పదమూడున్నర రోజులు. అంటే రెండువారాలకొక ఫోటో, ఏడాదికి 27. పైరులో మార్పు కనపడడానికి రెండువారాలు చాలు. తిథులు చంద్రుణ్ణిబట్టి జరుగుతుంటాయి కాని, కార్తెలు సూర్యుణ్ణిబట్టి నడిచేవి కనుక ఏటా ఇంచుమించు అవే తేదీల్లో వస్తాయి. రోహిణి మే 25 ప్రాంతాన, మృగశిర జూన్ 8 ప్రాంతాన, స్వాతి అక్టోబరు 24 ప్రాంతాన. భూమి ఇరుసు నెమ్మదిగా తిరగడంవల్ల రమారమి 72 ఏళ్ళకొక రోజు జరుగుతాయి. మన జీవితానికి అది లెక్కలోనిది కాదు.

ఆ విధంగా అశ్విని కార్తెలో మొదలుపెట్టాను. రెండేళ్ళకు 54 ఫోటోలు ఉండాలి. నా దగ్గరున్నవి 49. రెండు జ్వరానికి, రెండు సెమిస్టరు పరీక్షలకు, ఒకటి శుద్ధ బద్ధకానికి పోయినాయి.

అప్పటి డబ్బా, ఇప్పటి ఫోను

మా మామ దగ్గర పాత ఆగ్ఫా క్లిక్-3 కెమెరా ఇంకా ఉంది. ఒకప్పుడు మనదేశంలో మధ్యతరగతి ఇళ్ళలో కనపడిన డబ్బా కెమెరా అది. 120 సైజు ఫిల్ము వేస్తే పన్నెండు బొమ్మలు. ఎండ గుర్తు, మబ్బు గుర్తు తప్ప పెద్దగా మార్చుకోవడానికి ఏమీ లేదు. "పన్నెండే గదా, అందుకే నొక్కేముందు పదిసార్లు ఆలోచించేవాళ్ళం" అంటాడు మామ. ఫోనులో లెక్కలేకుండా నొక్కే మనకు ఆ పొదుపు లేదు. రెండువారాలకొక ఫోటో అనే కట్టుబాటు ఆ పొదుపును మళ్ళీ తెచ్చిపెడుతుంది.

ఫిల్ము లేని కెమెరాను 1975లో కోడాక్ కంపెనీ ఇంజనీరు స్టీవెన్ సాసన్ తయారుచేశాడు. అందులో బొమ్మకు పదివేల చుక్కలే. ఒక్క బొమ్మ క్యాసెట్టు మీదికి ఎక్కడానికి 23 సెకన్లు పట్టేది. ఇవాళ మన జేబులోని ఫోను కోటికి పైగా చుక్కలతో క్షణంలో తీస్తుంది. ఆ చుక్కలకు రంగు తెలియదు, వెలుతురు మాత్రమే తెలుస్తుంది. అందుకే వాటిమీద ఎరుపు, ఆకుపచ్చ, నీలం జల్లెడలు వేస్తారు. కోడాక్‌లోనే పనిచేసిన బ్రైస్ బేయర్ 1976లో పేటెంటు పొందిన అమరికలో ప్రతి నాలుగు గళ్ళకు ఎరుపు ఒకటి, నీలం ఒకటి, ఆకుపచ్చ రెండు. మనిషి కన్ను ఆకుపచ్చ ప్రాంతపు వెలుతురును బాగా పట్టుకుంటుంది కనుక దానికి రెట్టింపు చోటిచ్చాడు. వరి పండే ఊరివాడికి ఇంతకన్నా అనువైన యంత్రం ఏముంటుంది!

కెమెరా చిన్నదని, మనం ఔత్సాహికులమని చిన్నబుచ్చుకోనక్కరలేదు. నిజాం ఆస్థాన ఛాయాచిత్రకారుడుగా పేరుపొందిన రాజా దీన్‌దయాళ్ 1844లో మీరట్ దగ్గర సర్దానాలో పుట్టి, రూర్కీలో ఇంజనీరింగు చదివి, ఇండోరులో పబ్లిక్ వర్క్స్ ఉద్యోగం చేస్తూ సరదాగా ఫోటోలు మొదలుపెట్టినవాడే. మన కాలంలో, 2022లో కన్నుమూసిన భరత్ భూషణ్ తెలంగాణ పల్లెల్లోని మనుషులను, ఇళ్ళను, బతుకమ్మను ఏళ్ళతరబడి తీశారు. ఆయన పట్టుకున్నది తనవాళ్ళ బతుకునే.

వెలుతురును చదవడం

నడివేసవి ఎండకు లక్ష లక్స్ వెలుతురు ఉంటుంది. దట్టంగా మబ్బుపడితే అది కొన్నివేలకు దిగిపోతుంది. మన కన్ను ఈ తేడాను సర్దుకుంటుంది కాబట్టి మనకు తెలియదు, కెమెరాకు తెలుస్తుంది. పాతవాళ్ళు మీటరు లేకుండానే ఒక సూత్రంతో తీసేవారు. మంచి ఎండలో లెన్సు రంధ్రం ఎఫ్/16 దగ్గర ఉంచి, ఫిల్ము వేగం 100 అయితే సెకనులో నూరోవంతు తెరవాలి. మబ్బుపడితే రంధ్రాన్ని ఎఫ్/8 దాకా పెంచాలి. ఎఫ్/16 నుంచి ఎఫ్/11, అక్కడినుంచి ఎఫ్/8. ఒక్కో మెట్టుకు వెలుతురు రెట్టింపు. ఫోనులో రంధ్రం సాధారణంగా మారదు కనుక కాలాన్నీ వేగాన్నీ మార్చుకుంటాం.

ఇక సూర్యుడి సంగతి. కొడవలూరు ఉత్తర అక్షాంశం పద్నాలుగున్నర డిగ్రీల చిల్లర. మకరరేఖకూ కర్కాటకరేఖకూ మధ్య సూర్యుడు ఏటా ఇరవైమూడున్నర డిగ్రీల మేర అటూ ఇటూ తిరుగుతాడు. కాబట్టి మా నడినెత్తి మీదికి ఏడాదిలో రెండుసార్లు వస్తాడు. ఒకటి ఏప్రిల్ ఆఖరులో, భరణి కార్తెలో. రెండోది ఆగస్టు రెండోవారంలో, ఆశ్లేష కార్తెలో. ఆ రోజుల్లో మిట్టమధ్యాహ్నం కరెంటు స్తంభం నీడ దాని మొదట్లోనే ఇమిడిపోతుంది. ఆ రెంటికీ మధ్య మధ్యాహ్నపు నీడ దక్షిణానికి పడుతుంది, మిగతా ఏడాదంతా ఉత్తరానికి. నేను ఇరవై ఏళ్ళు ఆ ఊళ్ళో పెరిగి కూడా ఈ సంగతి ఫోటోలు తీసేదాకా గమనించలేదు!

సూర్యుడు అస్తమించే చోటు కూడా డిసెంబరుకూ జూనుకూ మధ్య సుమారు 48 డిగ్రీలు జరుగుతుంది. డిసెంబరులో ఎడమచేతి తాటితోపు వెనక దిగేవాడు జూనులో కుడివైపు గుడి వెనక్కు వెళ్ళిపోతాడు. వెలుతురు పడే వాలు మారితే కయ్య రూపమే మారుతుంది.

ఒకే చోటు, ఒకే వేళ, ఒకే కొలత

మార్పు కనపడాలంటే మార్పు లేనిది ఒకటి ఉండాలి. ప్రయోగశాలలో మన లెక్చరర్లు చెప్పేది ఇదే గదా. నా మూడు నియమాలు ఇవి.

మొదటిది, ఒకే చోటు. మా కయ్యకు పడమట కాలవ తూముకు సిమెంటు గోడ ఉంది. దానిమీద రంగుతో రెండు పాదాల గుర్తులు వేసుకున్నాను. అక్కడ నిలబడి, ఫోనును గుండె ఎత్తున పెట్టి, ఎదురుగా దూరాన ఉన్న ఒంటి తాటిచెట్టు బొమ్మకు సరిగ్గా మధ్యలో వచ్చేట్టు చూసుకుంటాను.

రెండోది, ఒకే వేళ. అయిదు గంటలని గడియారం చూసి తీస్తే పొరపాటు. సూర్యాస్తమయంలో ఏడాది పొడుగునా దాదాపు గంట తేడా వస్తుంది. అందుకని అస్తమయానికి గంట ముందు అని పెట్టుకున్నాను. అప్పుడు ఎండ నా వీపు మీదుగా పోయి పైరు మీద పడుతుంది. కాలేజీనుంచి బస్సు దిగి నేరుగా తూము దగ్గరికి పోతే సరిపోతుంది.

మూడోది, ఒకే కొలత. ఫోను మన మేలుకోరి రంగులను తనంతటతాను దిద్దుతుంది. ఎండిన కయ్యను కూడా కాస్త పచ్చగా చూపిస్తుంది. దీనికి విరుగుడుగా బొమ్మ మూలలో మా రికార్డు నోటుబుక్కులోని తెల్లకాగితం ఒకటి అట్టకు అంటించి గుచ్చుతాను. ఏ ఫోటోలోనైనా ఆ తెలుపు తెలుపుగా ఉందో లేదో చూస్తే చాలు, మిగతా రంగులను ఎంతవరకు నమ్మాలో తెలుస్తుంది.

ఇంకొక చిన్న లెక్క సైన్సు విద్యార్థులకోసం. బొమ్మలోని ఒక చోట ఎరుపు, ఆకుపచ్చ, నీలం విలువలు కంప్యూటరులో తెలుస్తాయి. ఆకుపచ్చ విలువను మూడింటి మొత్తంతో భాగిస్తే వచ్చేది పచ్చదనపు సూచిక. బూడిదరంగుకు అది 0.33. పైరు పచ్చబడే కొద్దీ పెరుగుతుంది, పండే కొద్దీ దిగుతుంది. అమెరికాలో ఫినోకామ్ అనే పేరుతో అడవులమీద, పొలాలమీద కదలని కెమెరాలు పెట్టి శాస్త్రజ్ఞులు చేస్తున్న పని ఇదే. నేను గ్రాఫు కాగితం మీద 27 చుక్కలు పెట్టి కలిపితే, నాటినప్పటినుంచి కోతదాకా ఒక గుట్ట ఆకారం వచ్చింది. దాన్ని నాయనకు చూపిస్తే, "ఇది నేను గెనిమ మీద నిలబడి చెప్తా గదరా" అన్నాడు. నిజమే. కాని ఆయన చెప్పలేనిది ఒకటి ఆ బొమ్మల్లో ఉందని అప్పటికి ఇద్దరికీ తెలియదు.

మనుషులను తీసేటప్పుడు

కయ్యలో పైరొక్కటే ఉండదు. మూల కార్తెలో నాట్లు వేస్తున్న ఆడవాళ్ళను అడగకుండా తీశాను. వాళ్ళల్లో పెద్దామె నడుము నిలబెట్టి, "ఏందబ్బయ్యా, మా బురద కాళ్ళు యాడ చూపిస్తావు?" అన్నది. నవ్వుతూనే అన్నది కాని నాకు తల కొట్టేసినట్టయింది. ఆ ఫోటో అక్కడే తీసేశాను. తర్వాత వాళ్ళు గట్టెక్కి అన్నం తినేటప్పుడు వెళ్ళి, "అత్తా, ఒకటి తీసుకుంటా, కాపీ మీకిస్తా" అన్నాను. వాళ్ళు కొంగులు సర్దుకొని, కడుక్కున్న చేతులతో నారుకట్టలు పట్టుకొని కూర్చున్నారు. ఆ ఫోటో ఇప్పుడు నాలుగిళ్ళల్లో ఉంది. అడిగి తియ్యాలి, తీసింది ఇవ్వాలి. ఈ రెండు మాటలు ఏ ఫోటోగ్రఫీ పుస్తకానికైనా మొదటి పేజీలో ఉండవలసినవి.

జ్యేష్ఠ కార్తె

2023 డిసెంబరు మొదటివారంలో మిచాంగ్ తుఫాను వచ్చింది. అయిదో తేదీన బాపట్ల దగ్గర తీరం దాటింది కాని, అంతకుముందే మన జిల్లామీద కుండపోతగా కురిసింది. ఆ రోజు గొడుగు కింద ఫోనుకు ప్లాస్టిక్ కవరు తొడిగి తూము గోడ ఎక్కాను. గోడకూ తాటిచెట్టుకూ మధ్య గెనిమల్లేవు, నారుమడి లేదు. ఒకటే నీళ్ళు. నాయన ఏమీ మాట్లాడకుండా నా పక్కన నిలబడ్డాడు. ఫోటో మసకగా వచ్చింది. నా 49లో అన్నిటికన్నా చెడ్డ ఫోటో అదే, అన్నిటికన్నా పనికొచ్చిందీ అదే.

ఎలాగంటే, నష్టం రాసుకోవడానికి మనిషి వచ్చేసరికి నీళ్ళు తీసిపోయినాయి. కుళ్ళిన నారును అప్పటికే కొంత దున్నేశాం. "ముంపుకు సాక్ష్యమేది?" అన్నారు. మా చిన్నాయన ఫోనులోకి నేను పంపిన ఫోటో చూపించాడు. "ఇది ఎప్పటిదో ఎవరికి తెలుసు?" అన్నారు. ఆ మాటలో తప్పులేదు. ఫోను ఫోటో తీసినప్పుడు బొమ్మతోపాటు తేదీ, వేళ, అనుమతి ఇచ్చి ఉంటే స్థలం అక్షాంశ రేఖాంశాలు కూడా ఫైలులోనే రాసిపెడుతుంది. కాని మెసేజీలో ఫోటోగా పంపితే సాధారణంగా బొమ్మ కుదించుకుపోయి ఆ వివరాలు రాలిపోతాయి. నేను కాలేజీనుంచి పరుగున వచ్చి, నా ఫోనులోని అసలు ఫైలు తెరిచి, అదే గోడమీదనుంచి, అదే తాటిచెట్టుతో అంతకుముందు తీసిన పదహారు ఫోటోలూ వరుసగా చూపించాను. ఆయన ఒక్కొక్కటీ చూసి మా సర్వేనెంబరు రాసుకున్నారు.

కాబట్టి మిత్రులారా, అసలు ఫైలు ఎప్పుడూ చెరపకండి. రెండోచోట కాపీ పెట్టుకోండి. పంపవలసివస్తే డాక్యుమెంటు రూపంలో పంపండి.

తూర్పు మూల

ఇప్పుడు మొదట చెప్తానన్న సంగతి. మా కయ్యకు తూర్పున, తాటిచెట్టుకు అవతల, కొన్నేళ్ళుగా రొయ్యల గుంటలున్నాయి. ఈ సంవత్సరం మా రెండెకరాలు కూడా గుంటకు లీజుకిమ్మని అడిగారు. వరిలో ఖర్చులుపోను మిగిలేదానికన్నా వాళ్ళిస్తామన్నది చాలా ఎక్కువ. చిన్నాయన ఇద్దామన్నాడు. నాయన వద్దన్నాడు. జేజి ఎవరివైపూ మాట్లాడలేదు. నాకు కాలేజీ ఫీజు గుర్తుకొచ్చి నేనూ మాట్లాడలేదు.

ఆ వారమే 49 ఫోటోలూ నెల్లూరులో ప్రింటు వేయించి తెచ్చి నడవలో కార్తె వరుసన పరిచాను. మొదటి ఏడాది పై వరుస, రెండో ఏడాది కింది వరుస. జేజి కూర్చొని వేలితో ఒక్కొక్కటే ముట్టుకుంటూ పోయింది. శ్రవణం దగ్గర ఆగింది. "ఇదేందిరా, ఈ మూల పచ్చబారుండాదే?" అన్నది.

చూశాం. తాటిచెట్టు మొదట్లో పైరు చాపంత మేర పసుపుగా ఉంది. కింది వరుసలో అదే కార్తెలో ఆ పసుపు కయ్యకు అడ్డంగా పాకి ఉంది. కోతలయ్యాక రేవతి కార్తె ఫోటోలో అక్కడే నేలమీద తెల్లటి పొర. నాయన రోజూ ఆ గెనిమ మీదే నడుస్తాడు. కాని రోజూ చూసే కంటికి రోజువారీ మార్పు కనపడదు. సొంత బిడ్డ ఎదగడం తల్లికి కనపడనట్టే.

రెండు మూలలనుంచీ మట్టి తీసుకుపోయి మా లెక్చరర్‌గారి సాయంతో లాబులో విద్యుద్వాహకత చూశాను. ఉప్పు ఎక్కువైతే మట్టి ద్రవంలో కరెంటు సులువుగా పారుతుంది. ఆ కొలత మీటరుకు 3 డెసీసీమెన్స్ దాటితే వరి దిగుబడి తగ్గడం మొదలవుతుందని శాస్త్రజ్ఞులు తేల్చారు. ఆపైన ఒక్కో డెసీసీమెన్‌కు సుమారు 12 శాతం చొప్పున పడిపోతుంది. పడమటి మూల మట్టి ఆ గీతకు చాలా కింద ఉంది. తూర్పు మూల గీత దాటింది.

ఇది చెప్పినప్పుడు ఇంట్లో ఎవరూ గెలవలేదు. "చూసినావా, ఎట్టా పాడయ్యే నేలే గదా, ఇచ్చేద్దాం" అన్నాడు చిన్నాయన. "మనం ఇస్తే మన పడమటోడి కయ్యకు ఇదే గతి" అన్నాడు నాయన. రెండూ నిజమే. చివరికి ఈ సంవత్సరానికి ఇవ్వకూడదనుకున్నారు. తూర్పు గెనిమ వెంట లోతుగా బోదె తీశాం, ఉప్పునీరు అందులోకి దిగి కాలవలోకి పోకుండా మురుగుకు పోయేట్టు. కాలవ నీళ్ళు ఉన్నప్పుడు మంచినీళ్ళు పెట్టి కడుగుతున్నాం. అది సరిపోతుందో లేదో వచ్చే శ్రవణం కార్తెలో తూము గోడమీదనుంచి తెలుస్తుంది.

చివరి మాట

ఫోటో ఏ సమస్యనూ తీర్చదు. కాని సమస్యను తేదీతో సహా కళ్ళముందు పెడుతుంది. మీది మెట్ట పొలమా, చేపల రేవా, నెల్లూరులో మిద్దె మీద గదా, ఏదైనా ఫర్వాలేదు. కదలని గుర్తు ఒకటి, నిలబడే చోటు ఒకటి ఎంచుకోండి. కార్తె తేదీలు పంచాంగంలో ఉన్నాయి, లేకుంటే మీ జేజిని అడగండి. ఏడాదికి 27సార్లు, ఒక్కోసారి అయిదు నిమిషాలు. అంతకన్నా ఖర్చేమీ లేదు.

అన్నట్టు, పోయిన పూర్వాభాద్ర కార్తెలో కోతకొచ్చిన కయ్య గట్టున నాయనను నిలబెట్టి ఒకటి తీశాను. చొక్కా మార్చుకొని వస్తానంటే వద్దన్నాను. తలకు తువాలు, మోకాలిదాకా మట్టి, చేతిలో వరికంకి. ప్రింటు చూసి జేజి, "ఇప్పుడు వీడు మీ తాత మాదిరుండాడు" అన్నది.